ప్రశ్నలు – జవాబులు: రెండు శనివారాల మ్యాచ్

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ నగరపు తూర్పు శివార్లలో, పదకొండేళ్ల పాటు ఒక క్రికెట్ క్లబ్బుకు మూడో జట్టులోనూ నాలుగో జట్టులోనూ ఆడి విజయనగరం తిరిగి వచ్చినవాణ్ని నేను. ఆ అనుభవం గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాస్తే, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఊహించనన్ని ప్రశ్నలు వచ్చాయి. ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. పేర్లు వద్దని కొందరు కోరినందువల్ల అందరినీ ఊరి పేరుతోనే ప్రస్తావించాము.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయులు, బొబ్బిలి): మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తూ శనివారాలు క్రికెట్ ఆడుతున్నాడు. పోయిన ఆదివారం ఫోనులో మ్యాచ్ ఏమైందని అడిగితే, "సగమే అయింది నాన్నా, మిగతా సగం వచ్చే శనివారం" అన్నాడు. మధ్యలో వారం రోజులు ఆగే మ్యాచ్ ఎక్కడైనా ఉంటుందా? ఓడిపోయి దాస్తున్నాడని మా ఇంట్లో అనుమానం.

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి చెప్పినది అక్షరాలా నిజం. ఆ శివారు క్లబ్బుల్లో ఆడేవాళ్లు వడ్రంగులు, నర్సులు, బడిపంతుళ్లు, కంప్యూటరు ఉద్యోగులు, లారీ డ్రైవర్లు. వారం మొత్తంలో ఆటకు దొరికేది శనివారం మధ్యాహ్నం ఒక్కటే కనుక, రెండు రోజుల మ్యాచ్‌ను రెండు శనివారాలకు పంచుకుంటారు. మొదటి శనివారం ఒంటిగంట ప్రాంతంలో మొదలై, నడుమ టీ విరామంతో సాయంత్రం ఆరు, ఆరున్నర దాకా ఆట సాగుతుంది. ఆ రోజు ఒక జట్టు బ్యాటింగ్ చేస్తే, వారం తరువాత అదే మైదానంలో రెండో జట్టు ఆ పరుగులను వెంటాడుతుంది. పై తరగతుల్లో (ఆట స్థాయిని బట్టి చేసిన విభాగాలలో) రోజుకు 75, 80 ఓవర్ల దాకా వేస్తారు, కింది తరగతుల్లో అంతకన్న తక్కువ. తొలి ఇన్నింగ్స్‌లో పరుగులు ఎక్కువ చేసినవాళ్లదే గెలుపు. ఇంకా పొద్దు మిగిలితే రెండో ఇన్నింగ్స్ కూడా ఆడి పూర్తి విజయానికి ప్రయత్నించవచ్చు, దానికి పాయింట్లు మరింత ఎక్కువ. కాని అలసిన కాళ్లతో ఆ సాహసానికి దిగే కెప్టెన్లు తక్కువ. 40 ఓవర్ల ఒకరోజు మ్యాచ్‌లు కూడా సీజన్‌లో కొన్ని ఉంటాయి గాని, ఆ శివార్ల రుచి రెండు శనివారాల ఆటలోనే ఉంది.

మొదట ఆడిన జట్టు నాలుగు గంటలకే 130 పరుగులకు ఆలౌటయిందనుకోండి. అప్పటిదాకా ఎండలో నిలబడి బంతులు ఏరిన రెండో జట్టు ఓపెనర్లు పది నిమిషాల్లో ప్యాడ్లు కట్టుకుని, పడమటి ఎండ కళ్లలో పడుతుండగా, కొత్త బంతికి ఎదురు నిలవాలి. ఆ సాయంత్రపు ఇరవై, పాతిక ఓవర్లలో పరుగుల ఊసు ఎవరికీ పట్టదు. వికెట్టు పోకుండా ఇంటికి వెళ్లడమే పని. ఒకసారి నేను అలాగే 12 పరుగుల మీద నాటౌట్‌గా మిగిలాను. ఏడు రోజులు ఆ పన్నెండును ఆఫీసుకూ బజారుకూ మోసుకు తిరిగి, పార్కింగ్ స్థలంలో గొడుగుతో కవర్ డ్రైవులు ఆడి, నిద్రలో శతకం కూడా పూర్తి చేసి, తరువాతి శనివారం రెండో బంతికే బౌల్డయ్యాను. టెస్టు ఆటగాడికి ఒక రాత్రి నిద్ర మాత్రమే చెడుతుంది. మీ అబ్బాయికి వారం రోజుల నిద్ర చెడుతోందని గ్రహించి, ఆదివారం నాడు స్కోరు అడగకుండా ఉంటే వాడికి మేలు చేసినవారవుతారు.

రెండు శనివారాలూ ఒకేలా ఉండవన్నది ఈ పద్ధతిలో ఉన్న అన్యాయం. ఒక వారం నిప్పులు కురిసే ఎండలో పిచ్ పలకలా ఉంటే, మరుసటి వారం జల్లులతో మైదానమంతా బరువెక్కి, బౌండరీకి పోవలసిన బంతి గడ్డిలో ఆగిపోతుంది. మొదటి రోజు వాన మింగేస్తే రెండో శనివారం ఒకరోజు మ్యాచ్‌గా ఆడించే నియమం పోటీలు నడిపే కొన్ని సంఘాలలో ఉంది.

ఇక ఫోను సంగతి. అక్కడి వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు తిప్పుతారు కనుక, మెల్‌బోర్న్ మనకన్న ఐదున్నర గంటలు ముందుంటుంది. మీ ఉదయం ఏడున్నరకు వాడు మైదానంలో దిగుతాడు, మీరు మధ్యాహ్న భోజనానికి కూర్చునేసరికి ఆట ముగుస్తుంది. ప్లేహెచ్‌క్యూ అనే యాప్‌లో శివారు జట్ల స్కోర్లన్నీ పెడతారు కాబట్టి, వాణ్ని అడగకుండానే మీరు బొబ్బిలిలో కూర్చుని చూసుకోవచ్చు. చూసినట్టు మాత్రం చెప్పకండి.

ప్రశ్న (గృహిణి, రాజాం): మా తమ్ముడు అక్కడ ఆడటానికి తానే ఎదురు డబ్బు కడుతున్నాడట. పైగా పొద్దున్నే వెళ్లి గ్రౌండు పనులు చేసి వస్తాడట. ఆడేవాళ్లకు వాళ్లే ఇవ్వాలి గాని, ఇదెక్కడి చోద్యం?

జవాబు: అమ్మా, చోద్యమేమీ లేదు. అక్కడ క్లబ్బుకు యజమాని ఉండడు. మైదానం ఆ ప్రాంతపు కౌన్సిలుది, అంటే మన మునిసిపాలిటీ వంటిది. వేసవికి క్రికెట్ క్లబ్బుకు, చలికాలానికి ఫుట్‌బాల్ క్లబ్బుకు అద్దెకు ఇస్తారు. బంతులు, అంపైర్ల రుసుము, బీమా, సంఘానికి కట్టే ప్రవేశ రుసుము ఇవన్నీ సభ్యుల చందాల నుంచే రావాలి కనుక, పెద్దవాళ్ల జట్లలో ఆడే ప్రతివాడూ సీజన్‌కు కొన్ని వందల డాలర్లు చెల్లిస్తాడు. అధ్యక్షుడు, కోశాధికారి, జట్లు ఎంపిక చేసేవారు, గురువారం రాత్రి వంట చేసేవారు, అందరూ జీతం లేని మనుషులే. మంగళ, గురువారాలు సాధన. గురువారం సాధన అయ్యాక అందరూ క్లబ్బు గదిలో కూర్చుని భోజనం చేస్తుండగా, శనివారానికి ఏ జట్టులో ఎవరన్నది చదువుతారు. మొదటి జట్టు నుంచి రెండో జట్టుకు దిగిపోయినవాడు ముద్ద మింగలేక అవస్థపడటం ఆ పూట చూడవలసిన దృశ్యం.

మీ తమ్ముడు ముందుగా వెళ్లి చేసేది సొంత మైదానంలో ఆడే ప్రతి జట్టూ చేసేదే: స్టంపులు పాతడం, బౌండరీ గుర్తులు పెట్టడం, స్కోరు పుస్తకం, బంతులు సిద్ధం చేయడం. కొన్ని క్లబ్బులలో టీ విరామానికి ఫలహారం కూడా వంతుల వారీగా ఆటగాళ్లే తెస్తారు. నా వంతు వచ్చినప్పుడు మా ఇంట్లో కలిపి ఇచ్చిన పులిహోర తీసుకువెళ్లాను. ఎండుమిర్చిని ఏరి పక్కన పెట్టాలని చెప్పడం మరిచిపోయినందుకు ఎదుటి జట్టు ఫాస్ట్ బౌలరు టీ తరువాత మూడు ఓవర్ల దాకా బంతి పట్టుకోలేదు. ఇందులో నా దురుద్దేశం లేదని ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థి, శ్రీకాకుళం): ఆర్ట్స్ కళాశాల మైదానంలో లెదర్ బంతితో కొత్త బంతి బౌలింగ్ చేస్తాను. జూలైలో ఎం.ఎస్. చదవడానికి మెల్‌బోర్న్ వెళ్తున్నాను. ఏ క్లబ్బులో చేరితే మంచిది? అక్కడి నుంచి పెద్ద క్రికెట్‌కు దారి ఉంటుందా?

జవాబు: బాబూ, ముందు దారి చెబుతాను. అన్నిటికన్న పైన ప్రీమియర్ క్రికెట్ ఉంటుంది. 1906–07లో డిస్ట్రిక్ట్ క్రికెట్ అన్న పేరుతో మొదలైన పోటీ ఇది. ఇప్పుడు పురుషుల విభాగంలో 18 క్లబ్బులు, క్లబ్బుకు నాలుగేసి జట్లు ఆడుతున్నాయి. విక్టోరియా రాష్ట్ర జట్టుకు వెళ్లే రహదారి ఇదే. ఆస్ట్రేలియా జట్టుకు ఆడిన బిల్ పాన్స్‌ఫర్డ్, షేన్ వార్న్ ఇద్దరూ సెయింట్ కిల్డా క్లబ్బు నుంచి వచ్చినవాళ్లే. దాని కింద సబ్ డిస్ట్రిక్ట్ పోటీ, ఆ కింద రింగ్‌వుడ్, డాండెనాంగ్ వంటి ప్రాంతాల పేర్లతో నడిచే శివారు సంఘాలు, ఒక్కొక్క సంఘంలో మెట్లమెట్లుగా ఎన్నో తరగతులు. తరగతికి ఎనిమిది, పది జట్లు ఉంటాయి, గెలిచినవాళ్లు పైమెట్టుకు, అట్టడుగున మిగిలినవాళ్లు కిందికి పోతారు.

ఏ క్లబ్బు మంచిదన్న ప్రశ్నకు నా జవాబు నీకు నచ్చకపోవచ్చు: నువ్వు అద్దెకు దిగే ఇంటికి దగ్గరగా ఉన్నదే మంచిది. శనివారం ప్రత్యర్థి మైదానం ఏ మూలనో ఉంటుంది, అక్కడికి రైలు ఉండదు, కారున్న సహచరుడు దారిలో ఎక్కించుకుంటేనే నువ్వు చేరతావు. పడమటి శివార్లైన టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడ చేరితే డ్రెస్సింగ్ గదిలో తెలుగు వినిపించవచ్చు. అయితే ఒకటి రెండు సీజన్లు మనవాళ్లు లేని క్లబ్బులో ఆడమనే నేను చెబుతాను. అక్కడి యాస, అక్కడి వేళాకోళం తరగతి గదిలో నేర్పేవి కావు.

నువ్వు వెళ్లే నెల అదృష్టవశాత్తూ మంచిది. సెప్టెంబరు నెలాఖరున ఫుట్‌బాల్ సందడి ముగిశాక, అక్టోబరు మొదట్లో క్రికెట్ మొదలవుతుంది, మార్చిలో ఫైనల్స్‌తో ముగుస్తుంది, నడుమ క్రిస్మస్‌కు కొద్ది వారాల విరామం. చలికాలం చివర్లోనే క్లబ్బులు నెట్స్ ప్రారంభిస్తాయి కనుక, ఆగస్టులో వెళ్లి ఒక మంగళవారం సాయంత్రం నిలబడితే చాలు, ఎవరో ఒకరు బంతి చేతికిస్తారు. ఫిబ్రవరిలో దిగే విద్యార్థులకు మాత్రం సీజన్ తోక దొరుకుతుంది, పైగా ఫైనల్స్‌లో ఆడాలంటే ఆ జట్టుకు అంతకుముందే కొన్ని మ్యాచ్‌లు ఆడి ఉండాలి.

రెండు జాగ్రత్తలు. విద్యార్థి వీసా మీద, తరగతులు నడిచే రోజుల్లో, పక్షానికి 48 గంటలకు మించి పని చేయకూడదన్న నియమం 2023 జూలై నుంచి అమలులో ఉంది. ఎక్కువ జీతమిచ్చే పని గంటలు సరిగ్గా శనివారమే పడతాయి. రెండు శనివారాలూ రాలేనని తెలిసీ మ్యాచ్‌కు పేరు ఇవ్వకు. రెండో వారం పది మందితో ఆడవలసి వచ్చిన జట్టు నిన్ను చాలాకాలం గుర్తు పెట్టుకుంటుంది. రెండోది బూట్లు. పచ్చిక పిచ్ మీద ఇనుప ముళ్లు కావాలి, కృత్రిమ పిచ్ మీద అవి నిషిద్ధం, రబ్బరు అడుగువే వాడాలి. మొదటి ఏడాది నీకు దక్కేది చాలావరకు రెండో రకం పిచ్చే కనుక రబ్బరు బూట్లు ముందు కొనుక్కో.

ఇంకొక మాట. నిన్ను మొదట నాలుగో జట్టులో వేస్తారు. అవమానంగా భావించవద్దు. అక్కడ నీకు మిడాఫ్‌లో యాభై ఎనిమిదేళ్ల మనిషి, స్లిప్‌లో పద్నాలుగేళ్ల కుర్రవాడు నిలబడతారు, ఒక్కోసారి వాళ్లిద్దరూ తాతా మనుమలే కావచ్చు. వికెట్లు తీస్తే మూడు వారాల్లో పైకి లాగుతారు. తీయకపోతే అక్కడే ఉంటావు, నిన్ను ఎవరూ పొమ్మనరు.

ప్రశ్న (చీపురుపల్లి): కృత్రిమ పిచ్ అంటే మన మ్యాటింగ్ (నేల మీద పరిచే చాప) వంటిదేనా? మన బ్యాట్స్‌మెన్ అక్కడ ఎందుకు తడబడతారు?

జవాబు: దగ్గరి బంధువే గాని అదే కాదు. అడుగున కాంక్రీటు పలక, దాని మీద అతికించిన కృత్రిమ గడ్డి తివాచీ. చలికాలంలో అదే మైదానంలో ఫుట్‌బాల్ ఆడతారు కాబట్టి ఆ పలకను మట్టితోనో ప్రత్యేకమైన కప్పుతోనో మూసి, అక్టోబరుకు ముందు తెరుస్తారు. మొదటి వారాల్లో పిచ్ అంచున ఇసుక రేణువులు కనిపించడం అందువల్లనే. దీనిని తడపనక్కరలేదు, రోలరు తిప్పనక్కరలేదు, పగుళ్లు రావు. బంతి ఎప్పుడూ ఒకే ఎత్తుకు, చాలా ఎత్తుకు లేస్తుంది. మన మట్టి పిచ్‌ల మీద బంతి మోకాలి కింద నుంచే పోతుందని అలవాటుపడి ముందుకాలు చాచే బ్యాట్స్‌మన్‌కు అక్కడ అదే బంతి ఛాతీ మీదికి వస్తుంది. స్పిన్నరుకు మాత్రం పండుగే. నా బోటి మెల్లని ఆఫ్ స్పిన్ కూడా బ్యాటు పైఅంచుకు తగిలి గాలిలోకి లేచేది.

బంతి సంగతి కూడా చెప్పాలి. కూకబర్రా అనే కంపెనీ మేలురకం బంతులు తయారయ్యేది మెల్‌బోర్న్ శివారైన మూరాబిన్‌లోనే. పై తరగతుల్లో నాలుగు తోలు ముక్కలు కుట్టిన బంతి, కింది తరగతుల్లో రెండు ముక్కలది వాడతారు. ధరలో తేడా ఉంది గనుక కోశాధికారులకు రెండోదే ఇష్టం.

ప్రశ్న (పలాస): అంపైర్లు ఎవరు? తగాదాలు రావా?

జవాబు: పై తరగతులకు సంఘం పంపిన అంపైర్లు వస్తారు. కింది తరగతుల్లో బ్యాటింగ్ చేసే జట్టులోని వాళ్లే వంతుల వారీగా కోటు వేసుకుని నిలబడతారు. అంటే ఎల్బీడబ్ల్యూకు అప్పీలు వస్తే మీ మనిషి మీదే మీరు వేలెత్తాలి. నా రెండో సీజన్‌లో ఒకసారి మా కెప్టెన్ 47 మీద ఉన్నాడు. బంతి నిక్కచ్చిగా మధ్య వికెట్టు ముందు కాలికి తగిలింది. నన్ను మైదానానికి తన కారులో తెచ్చినవాడూ, తిరిగి ఇంటి దగ్గర దింపవలసినవాడూ ఆయనే. వేలెత్తాను. ఆయన ఒక్క మాట అనలేదు, సాయంత్రం దారి పొడవునా రేడియో పెట్టాడు, మా వీధి మలుపులో కారు ఆపి, "బంతి ఎత్తుగా ఉందేమో" అని మాత్రం అన్నాడు. నాలుగేళ్ల తరువాత క్లబ్బు విందులో కూడా అదే మాట అన్నాడు.

తగాదాలు రాకపోవడమేమీ లేదు. కాకపోతే నువ్వు ఇవాళ మోసం చేస్తే వచ్చే శనివారం కూడా అదే మైదానంలో అవే ముఖాలను చూడాలి. మన సంక్రాంతి టోర్నమెంటులో మ్యాచ్ గంటన్నరలో తేలిపోయి, ఎవరి ఆటోలో వాళ్లు వెళ్లిపోతారు. ఈ తేడా చిన్నదేమీ కాదని నా అభిప్రాయం.

ప్రశ్న (సాలూరు): మేము మే నెలలోనూ ఆడతాము. వాళ్లు ఎండ ఎక్కువైతే ఆట రద్దు చేస్తారట, నిజమేనా?

జవాబు: నిజమే, రద్దు చేయవలసిన ఎండే అది. ఎడారి వైపు నుంచి ఉత్తరపు గాలి వీచినప్పుడు ఉక్కపోత లేకుండా ఒళ్లు ఎండిపోతుంది. 2009 ఫిబ్రవరి 7, శనివారం నాడు మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైంది. విక్టోరియాలో 173 మందిని బలిగొన్న కార్చిచ్చుల రోజు అది. వాతావరణ సూచనలో చెప్పిన ఎండ నిర్ణీత ఉష్ణోగ్రత దాటితే ఆట ఉండదని సంఘాలు ముందే నియమం పెట్టుకుంటాయి. అదే ఎండ మీద దక్షిణపు గాలి తిరిగిందంటే నిమిషాల్లో పది, పదిహేను డిగ్రీలు పడిపోతుంది. అందుకే కిట్ సంచిలో టోపీతో పాటు స్వెట్టరు కూడా ఉండాలి.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, నరసన్నపేట): ఆ క్లబ్బుల్లో ఆడపిల్లలకు చోటుందా?

జవాబు: ఉంది. ప్రీమియర్ క్రికెట్‌లో మహిళల పోటీ ఉంది. శివారు సంఘాలలోనూ చాలా క్లబ్బులు మహిళల జట్లను, బాలికల జట్లను నడుపుతున్నాయి. వాళ్లవి తక్కువ ఓవర్ల మ్యాచ్‌లు, ఒక్కరోజులో ముగుస్తాయి. ఎప్పుడూ బ్యాటు పట్టనివారిని కూడా చేర్చుకుంటారు. పిల్లలకు శిక్షణ ఇచ్చే పెద్దలు, ఆడవారైనా మగవారైనా, పిల్లలతో పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం తీసుకోవాలి. తల్లిదండ్రులకు ఈ మాట ధైర్యమిస్తుందని రాస్తున్నాను.

ప్రశ్న (బ్యాంకు ఉద్యోగి, 38 ఏళ్లు, విజయనగరం): ఇరవై ఆరో ఏట ఆట మానేశాను. మీరు రాసినది చదివి బాధ కలిగింది. విజ్జీ (విజయనగరం మహారాజకుమారుడు) పేరు మోసే ఊరిలో అటువంటి క్లబ్బు ఎందుకు లేదు?

జవాబు: మీ ప్రశ్న నాది కూడా. విజ్జీ 1930–31లో ఇంగ్లండు నుంచి మేటి బ్యాట్స్‌మెన్ జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను రప్పించి తన జట్టులో ఆడించాడు, 1936లో భారత జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లాడు, అక్కడ మూడు టెస్టుల్లో మొత్తం 33 పరుగులు చేశాడు. ఆయన ఆట చాలావరకు బెనారసు వైపు సాగిందన్నది వేరే సంగతి. మెల్‌బోర్న్ శివార్లలో అయితే 33 పరుగుల మనిషిని నాలుగో జట్టులో వేసి, ఏ కొరతా లేకుండా అరవయ్యో ఏడు దాకా ఆడించేవారు. ఆయనకు అటువంటి చోటు దొరక్క నాయకత్వమే కొనుక్కోవలసి వచ్చిందని నేను వేళాకోళంగా అంటుంటాను.

మన దగ్గర ఆట మొత్తం పైకి ఎదగడం కోసమే ఏర్పాటయింది. పదహారేళ్ల లోపు, పంతొమ్మిదేళ్ల లోపు, ఆపైన ఎంపికలు. ఎంపిక కానివాడు టెన్నిస్ బంతి టోర్నమెంట్లకు, అక్కడి నుంచి టీవీ ముందుకు చేరతాడు. డబ్బు లేక కాదు, ఒక శనివారపు మ్యాచ్‌కు అయ్యే ఖర్చు మనవాళ్లు ఒక పూట బిరియానీకి పెడుతున్నారు. మైదానాలూ పూర్తిగా లేవనలేము. లేనిదల్లా మూడో జట్టు, నాలుగో జట్టు. అంటే బాగా ఆడనివాడికి కూడా తెల్లబట్టలు, ఒక పేరు, స్కోరు పుస్తకంలో ఒక గీత. దానికి ముందు గురువారం సాయంత్రం కూర్చుని జాబితా రాసేవాడు ఒకడు కావాలి. ఆ పని ఎవరికీ పేరు తెచ్చిపెట్టదు.

నలభై దాటిన తొమ్మిది మందిమి ఆదివారం ఉదయం ఆరింటికి, ఎండ ముదరక ముందు, ఆడుతున్నాము. ఒక ఆదివారం మేము బ్యాటింగ్ చేస్తే, మరుసటి ఆదివారం కళాశాల కుర్రవాళ్లు మా మీద బ్యాటింగ్ చేస్తారు. మూడు వారాల కిందట వాళ్లు 61కి ఐదు వికెట్ల మీద ఉండగా వాన వచ్చింది, ఆ మ్యాచ్ ఇంకా తేలలేదు. మాకు ఇద్దరు తక్కువ. లెదర్ బంతి, ప్యాడ్లు మా దగ్గర ఉన్నాయి. పత్రిక కార్యాలయానికి కార్డు రాస్తే చిరునామా పంపుతాను. రెండు ఆదివారాలూ రాగలిగితేనే రాయండి.